ముగ్గు నిలవని వాకిలి

కడప బండలకు పుట్టిల్లయిన జిల్లాలో మా నాన్న ఏరికోరి వాకిట్లో సిమెంటు టైల్స్ పరిపించాడు. బండలు అందరిండ్లలోనూ ఉంటాయట. జమ్మలమడుగు దగ్గరి మా పల్లెలో రెండు పార్టీలూ కొట్టుకుంటుంటే, ఎవరి మనిషీ కాకుండా బతకాలని ప్రొద్దుటూరు వచ్చి ఇల్లు కట్టుకున్న మనిషి ఆయన. జీవితంలో ఆయనకున్న పంతం అదొక్కటే. అయినా ఎలక్షన్లు వస్తే చాలు, రెండు పార్టీలవాళ్లూ వంతులేసుకుని వచ్చి వాకిట్లో కూర్చుని, "నువ్వు మావాడివే గదప్పా" అని బుజ్జగించి, తాంబూలం ఉమ్మి పోయేవాళ్లు. నాన్న ఔననడు, కాదనడు, మజ్జిగ ఇచ్చి పంపుతాడు. టైల్స్ మాత్రం ఎర్రబడ్డాయి.

మరకలు పట్టకుండా పైన కొట్టే పూత కొనడానికి బజారుకు పోయాం. అంగడి భాయ్ రెండు డబ్బాలు ముందర పెట్టాడు.

"ఇది లోపలికి ఇంకిపోతాది మామా, పైకి కనపడదు. ఇదేమో పొర కడతాది, అద్దం మాదిరి మెరుస్తాది."

"కనపడని దానికి దుడ్లెందుకప్పా?" అన్నాడు నాన్న. మెరిసేదే తీసుకున్నాడు.

"దాని మింద ముగ్గు నిలుస్తాదా నాయనా?" అని అడిగింది అమ్మ.

"నీళ్లే నిలవవు పెద్దమ్మా, ముగ్గేం లెక్క?" అన్నాడు భాయ్ గొప్పగా.

అమ్మకు జవాబు దొరికింది. నాన్నకు వినపడలేదు.

పూత ఆరాక వాకిలి నిజంగానే మెరిసింది. పొద్దున్నే అమ్మ కడిగి ముగ్గేసింది. గాలి వీచింది, ముగ్గు పక్కింటికి పోయింది. మళ్లీ వేసింది, మళ్లీ పోయింది. "ఈ అద్దంలో నువ్వే మొగం చూసుకో" అని ముగ్గుడబ్బా నాన్న ముందర పెట్టి లోపలికి పోయింది.

మా వైపు ఏ వాకిట్లోనైనా ముగ్గు లేదంటే ఇంట్లో ఎవరో పోయారని అర్థం. అవి ఫ్యాక్షన్ రోజులు. పోవడమంటే మంచానపడి పోవడమని ఎవరూ అనుకోరు. వాకిలి వరసగా రెండు మూడు రోజులు బోసిగా కనపడేసరికి, నాన్న పోయాడన్న మాట జమ్మలమడుగు దాటి పులివెందుల దాకా పాకింది. ఒక పార్టీ జీపు వచ్చింది, దాని వెనకే రెండో పార్టీది.

"మావాణ్ణి చంపేసినారు గదరా" అని వీళ్లు. "మీవాడెప్పుడయినాడప్పా, ఆయప్ప మావాడు" అని వాళ్లు. చచ్చినా నాన్నకు ఈ పంపకం తప్పలేదు. పూలదండలు పట్టుకునే చొక్కాలు పట్టుకోబోయే వేళకు, నాన్న బనియన్‌తో కాఫీ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చాడు.

"ఎవరికప్పా ఈ దండలు?"

ఒకాయన దండను వెనక దాచుకున్నాడు. అమ్మ మజ్జిగ తెచ్చి, పూత మీద ముగ్గు నిలవని సంగతి చెప్పింది. తాగి, తాంబూలం నమిలి, అలవాటు కొద్దీ ఉమ్మి పోయారు. ఆ మరక ఒక్క చెంబు నీళ్లకు పోయింది.

"చూసినావా?" అన్నాడు నాన్న.

అమ్మ చూడలేదు. శాండ్ పేపరు తెప్పించి, గడప ముందరి నాలుగు టైల్స్ మీద పూతంతా గీకి పారేసి ముగ్గేసింది. ఆ తర్వాత రోజూ నాన్న లేవగానే వాకిట్లో ముగ్గుందో లేదో చూసుకుని గానీ కాఫీ తాగేవాడు కాదు.

చాలా ఏళ్లకు నాన్న నిజంగా పోయాడు, జ్వరంతో, మంచంలోనే. ఆ పొద్దు ఆ నాలుగు టైల్సూ ఖాళీగా ఉంటే నాకు అటు చూడబుద్ధి కాలేదు. వాకిట్లో ముగ్గు లేదన్న కబురు తెలిసిన రెండు పార్టీలవాళ్లూ, "మళ్లా పూత కొట్టించింటారులే, పోయి నగుబాటు కావద్దు" అనుకున్నారంట. ఒక్క జీపూ రాలేదు.

మేమూ, పక్కింటివాళ్లూ, అంగడి భాయీ కలిసి మోసుకుపోయాం. నాన్న ఎవరి మనిషీ కాకుండానే పోయాడు.