అద్దె ఇంట్లో పంచకం

మా ఆయనకి రేవులో గుమాస్తా ఉద్యోగం దొరికి విశాఖపట్నంలో కాపురం పెట్టినప్పుడు నాకు అన్నిటికన్నా వింతగా తోచింది కరివేపాకు కొనుక్కోవడం. మాది పాతపట్నం అవతల పల్లె. కరివేపాకూ మునగాకూ నీళ్ళూ అక్కడ ఎవరైనా డబ్బిచ్చి కొంటారంటే నవ్విపోతారు. పట్నంలో కావిడి నీళ్ళకి డబ్బు, పొయ్యిలోకి పుల్లలకి డబ్బు, అన్నిటికన్నా ముందు అద్దె. అరవైల చివరి రోజులవి, బియ్యానికే కటకటగా ఉండేది. జీతం రాగానే అద్దె తీసి దేవుడి పటం వెనక పెట్టేసి, మిగిలినదాంతో నెల ఎలా ఈడ్చాలా అని చూసేవాళ్ళం.

మాది వెనక వాటా. ఒక గది, వంటకి చిన్న పంచ. ముందువైపు ఇల్లుగలాయన, ఆయన భార్య, ముగ్గురు పిల్లలు. వాళ్ళది శ్రీకాకుళం దగ్గర వ్యవసాయం కుటుంబం. ఉన్న పొలం అమ్మి ఆ ఇల్లు కట్టుకున్నారు. వీధి గుమ్మం అందరికీ ఒకటే. వాళ్ళ సావిట్లోంచి నడిచే మా గదిలోకి వెళ్ళాలి. నా చేతిలో గిన్నె జారితే వాళ్ళకి వినిపించేది, ఆయన ఆవలిస్తే మాకు వినిపించేది. "ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం" అని మా ఆయన నన్ను చూసి నవ్వేవారు. "ముందు ఇల్లు మార్చండి, ఆలి సంగతి తరవాత చూద్దాం" అనేదాన్ని. మార్చే స్తోమత మాకు లేదు. అంత తక్కువ అద్దెకి అలాంటి గది ఆ ఊళ్ళో ఇంకోటి లేదని కాళ్ళరిగేలా తిరిగి తెలుసుకున్నాం.

ఆ గదిలోకి మా మామగారు వచ్చారు. ఆయన పురోహితులు. అత్తగారు పోయాక ఒక్కరే ఊళ్ళో ఉండేవారు. ఆయాసం ముదిరి నాలుగడుగులు వెయ్యలేని స్థితి వచ్చింది. పెద్దాసుపత్రిలో చూపిస్తే, వారం వారం సూదిమందు వెయ్యాలి, ఊరికి పంపకండి అన్నారు. అప్పటికి మా పాపకి ఇంకా పాకడం రాలేదు. గదిలో ఒక మూల ఉయ్యాల, ఒక మూల మామగారి మంచం. మేమిద్దరం పంచలో పొయ్యి పక్కన పడుకునేవాళ్ళం.

వారం తిరక్కుండా ఇల్లుగలాయన వచ్చి గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మాట తిన్నగా అనేసే మనిషి.

"సూడండి పంతులుగారూ. మీరు దేవుడిలాటోరు. మీరుంటే నాకు బాదేటి? కానీ పంచకం రోజులు మాత్తరం ఇంట్లో ఉండకండి. రాకూడనిది వస్తే నాను ఇల్లు పాడెట్టీయాల. పెళ్ళాన్నీ పిల్లల్నీ ఏసుకుని అద్దె కొంపకెల్లాల. ఈ ఊర్లో అద్దె నాను కట్టగలనేటి?"

పంచకమంటే ధనిష్ఠ నుంచి రేవతి దాకా అయిదు నక్షత్రాలు, ప్రతి నెలా వస్తాయి. ఆ రోజుల్లో ఇంట్లో ప్రాణం పోతే ఇల్లు ఆర్నెల్లు తాళం పెట్టి, దీపం లేకుండా వదిలెయ్యాలి. లేకపోతే అదే కప్పు కింద ఇంకో ప్రాణం పోతుందంటారు. మా వైపు అందరూ పాటించేదే. ఎంతమంది చేత ఇళ్ళు ఖాళీ చేయించారో మా మామగారే చెప్పేవారు.

"నిజమే నాయనా, ఆ సంగతి నాకు తెలీదేటి? వెళ్ళిపోతాను" అన్నారాయన.

నాకు ఒళ్ళు మండింది. ఆయాసం మనిషిని నెల నెలా వీధిలోకి పంపుతాడా అని. కానీ నోరు విప్పితే గది పోతుంది. గది పోతే మామగారికి సూదిమందూ పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఊరికి పంపుదామంటే నౌపడాలో చిన్న రైలు మారి, పాతపట్నంలో దిగి, బండి కట్టించుకుని వెళ్ళాలి. అంత ప్రయాణం ఆయన ఓర్చుకోలేరు. మా ఆయనకి సెలవు దొరకలేదు. అందుకని మొదటిసారి చంటిపిల్లని చంకనేసుకుని నేనే మామగారిని చీపురుపల్లిలో మా ఆడపడుచు ఇంటికి తీసుకెళ్ళాను. సొంత కూతురి ఇల్లు. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చారు, మజ్జిగ ఇచ్చారు. తరవాత ఆడపడుచు అత్తగారు వచ్చి కూర్చున్నారు.

"ఏటన్నయ్యగారూ, చెప్పా పెట్టకుండా వచ్చారు? రేపట్నించి ధనిష్ఠ కదూ?"

మామగారు మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. "అవునమ్మా. దారిలో చూసి పోదామని దిగాం. అరసవల్లిలో మొక్కుంది" అన్నారు. మొక్కు లేదు. ఆడపడుచు తలుపు వెనక నిలబడి ఏడుస్తోంది. ఆమెని నేనేం అనగలను? నా ఇల్లయినా, అది నిజంగా నాదే అయినా, నేనూ అదే అడిగేదాన్నేమో. మళ్ళీ స్టేషనుకి నడిచాం. దారిలో ఆయన మూడుచోట్ల ఆగారు.

అరసవల్లి సత్రంలో గుమాస్తా మమ్మల్ని ఎగాదిగా చూసి, "ముసలాయనకి జబ్బేటి?" అన్నాడు. మామగారు ఊపిరి బిగబట్టి, నడుం నిటారుగా పెట్టి, నవ్వుతూ, "జబ్బేటయ్యా, ఎండపొడ కోసం వచ్చాను" అన్నారు. సూర్యనారాయణుడి గుడికి ఆరోగ్యం కోసం వచ్చేవాళ్ళే అందరూ కాబట్టి అతను గది ఇచ్చాడు. తలుపు వేశాక ఆయన గోడకి జారగిలబడి నోరు తెరుచుకుని గాలి పీల్చుకున్నారు. ఆ అయిదు రోజులూ నేను చేసిన పని ఒక్కటే, ఆయన గుండె లేచి పడుతోందో లేదో చూడడం. అది ఆగితే ఈ పరాయిచోట, పాలు తాగే పిల్లతో, నేనెవరిని పిలవాలి? సత్రానికి పంచకం తగిలించానని అతను నన్ను కొట్టినా కొడతాడు.

రెండో నెలా అలాగే వెళ్ళొచ్చాం. మూడో నెల చలి ముదిరింది. చివరి రోజుకి ఆయన బాగా నీరసించిపోయారు. వారం సూది వేయించే రోజు కూడా అదే. అందుకని రేవతి వెళ్ళకముందే బయలుదేరి, పొద్దున్న రైలుకే విశాఖపట్నం వచ్చేశాం. ఆసుపత్రి నుంచి రిక్షాలో ఇంటికి చేరాక ఆయన లోపలికి రాలేదు. వీధి అరుగు మీద కూర్చున్నారు.

"రేవతి దీపాలవేళ దాకా ఉంది కోడలా. మాట మాటే. నువ్వు వెళ్ళి పిల్లకి పాలియ్యి" అన్నారు. ఇల్లుగలాయన బయటికి వచ్చి, ఆయన్ని చూసి కొంచెం సిగ్గుపడ్డాడు. "కాపీ అయినా తాగండి బాబూ" అని గ్లాసు పంపించాడు. మా ఆయన పనికి వెళ్ళిపోయారు. నేను లోపల పొయ్యి రాజేశాను.

వంట సగంలో ఉండగా ముందు సావిట్లో ఏదో పడిన చప్పుడు. ఆ వెంటనే ఇల్లుగలావిడ కేక. పరుగెత్తి వెళ్ళేసరికి ఇల్లుగలాయన నేలమీద ఉన్నాడు. గుండె మీద చెయ్యి అలాగే ఉంది. దుక్కలాంటి మనిషి. ఎవరో వైద్యుడి కోసం పరిగెత్తారు. ఆయన వచ్చి, చెయ్యి పట్టుకు చూసి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు.

వీధంతా చేరింది. చనిపోయినాయన అన్నగారు పక్క పేట నుంచి వచ్చి, ఏడుపు మధ్యలోనే ఆ మాట అన్నాడు. "నచ్చత్రం ఏటి? పంచకం పోయిందేటి?" ఎవరికీ తెలీదు. "పంతులుగారు అరుగు మీదే ఉన్నారు, అడగండి" అన్నారెవరో.

ఇల్లు తాళం పడితే మేము ఎక్కడికి వెళ్ళాలి? అంతకన్నా, ఆవిడ ఎక్కడికి వెళ్ళాలి? పొలం లేదు. సంపాదించే మనిషి లేడు. ఇంక ఆవిడకి మిగిలింది ఆ కప్పూ, దాని కింద మేమిచ్చే అద్దే.

ఆవిడ శవం దగ్గర నుంచి లేచింది. జుట్టు ముడి వేసుకోకుండానే వీధి గుమ్మంలోకి వచ్చింది. ఆమె నక్షత్రం అడగలేదు.

"పంతులుగారూ, పొద్దున్నుంచి సలిగాలికి కూకున్నారు. లోపలికి రండి బాబూ."

అంతమందీ ఆయన వైపు చూశారు. ఆయన అంత పొద్దున్నుంచి ఆ అరుగు మీద ఎందుకు కూర్చున్నారో ఆమెకి తెలుసు, నాకు తెలుసు, ఆయనకి తెలుసు. తెలిసిన ఇంకొకాయన నేలమీద ఉన్నాడు. మామగారు ఆకాశంకేసి చూడలేదు, వేళ్ళు లెక్కపెట్టలేదు. గోడ పట్టుకుని లేచారు. జీవితంలో ఏనాడూ మైల ఇంట్లో అడుగుపెట్టని మనిషి, గడప దాటి, శవం పక్కనుంచి నడిచి, మా గదిలోకి వచ్చి మంచం మీద కూర్చున్నారు. వీధిలో అందరూ గట్టిగా ఊపిరి వదిలారు. పంతులుగారు లోపలికి వెళ్ళారంటే రేవతి వెళ్ళిపోయినట్టే. అన్నగారు వెదురుబొంగుల కోసం మనుషుల్ని పంపాడు.

నేను తలుపు దగ్గరగా వేసి ఆయన ముందు నిలబడ్డాను. ఆయన నా మొహం చూడలేదు. ఉయ్యాల వైపు చూస్తున్నారు.

"పాపని తీసుకుని మీ పుట్టింటికి వెళ్ళిపో అమ్మా. కొన్నాళ్ళు."

మా పుట్టింట్లో నాన్న లేడు, అన్నయ్య వాళ్ళే జావ తాగి బతుకుతున్నారు. ఇంకో గది తీసుకుందామంటే ఆ పట్నంలో అడుగు నేల మేము కొనలేం. ఒక పక్క రేవతి, ఒక పక్క అద్దె. రెంటికీ భయపడ్డాను. అద్దె భయమే పెద్దదయింది. అక్కడే ఉన్నాం.

ఆ ఆర్నెల్లూ నేను నిద్రన్నది ఎరగను. పాప తుమ్మితే లేచి కూర్చునేదాన్ని. తుమ్మకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. మామగారు తన ఆయాసం మాట మర్చిపోయి పిల్లనే చూసేవారు. మళ్ళీ పంచకం వచ్చింది. వెళ్ళమని ఎవరూ అనలేదు.

ఒకటో తారీఖున ఆవిడ అద్దె కోసం మా గుమ్మంలోకి వచ్చేది. నేను పటం వెనకనుంచి డబ్బు తీసి చాపితే వెంటనే అందుకునేది కాదు. ముందు ఉయ్యాల్లోకి చూసేది. పిల్ల కాలో చెయ్యో కదిపేదాకా అలాగే నిలబడేది. కదిలాకే చెయ్యి చాపేది.