తొక్కిన నిమ్మకాయ

సెమిలిగుడ జంక్షన్‌లో లారీడ్రైవరు బంపరుకు కొత్త నిమ్మకాయ, మిరపకాయలు కట్టుకుని, పాతవి రోడ్డు మీదకు విసిరేశాడు. నా కాలు దానంతటదే పక్కకు జరిగింది.

ఏడేళ్ల వయసులో ఇక్కడే అలాంటి నిమ్మకాయను ఒట్టికాలితో తొక్కాను. కుళ్లిన రసం చల్లగా అంటింది. ఆ వారమే అమ్మ జ్వరంతో పోయింది. నావల్లే అనుకుని రోజూ కుళాయి కింద ఆ పాదాన్ని రుద్దుకునేదాన్ని.

"ఏటమ్మి, ఎన్నిసార్లు కడుగుతావు?" అన్నాడు నాన్న.

"బురదయింది నాన్నా."

నేను పెద్దయ్యాక ఒకరోజు ఆయనే అన్నాడు: "ఆ రోజు డ్యూటీ మానేసి ఆస్పత్రికి తీసుకెల్లుంటే బతికీది. మీయమ్మ నావల్లే పోనాది."

అదే కంపెనీ క్వార్టర్లో ఇన్నేళ్లూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం. నిమ్మకాయ సంగతి ఆయనకు అప్పుడూ చెప్పలేదు.