మెరిపించిన పిస్టన్

రైఫిల్‌లో గ్యాస్ సరిచేసుకోవడం రాక షూటింగ్ జట్టులో చోటు పోగొట్టుకున్నాడని మా బెటాలియన్‌లో ఒక కానిస్టేబుల్ గురించి ఇప్పటికీ నవ్వుతారు. పోయినేడు అతను చనిపోయినప్పుడు కూడా ఎవరో అన్నారు. అది నిజం కాదు. తప్పు నాది.

అతనిది కట్టంగూర్ దగ్గర గొర్రెలు కాసే ఇల్లు, నాది నేత ఇల్లు. రాష్ట్రం వచ్చిన కొత్తలో నల్గొండ బెటాలియన్‌లో మావి పక్కపక్క మంచాలు. అతని తల్లికి అక్కడి దవాఖానలోనే కిడ్నీ వైద్యం. షూటింగ్ జట్టుకు ఎంపికైతే నల్గొండలోనే ఉంటాడు. కాకపోతే కొల్లాపూర్ అవతల, నది ఒడ్డున కాపలా.

ఎంపికకు ముందురోజు ఆయుధాల తనిఖీ. అతను తల్లి దగ్గరికి పోతూ రైఫిల్ నా చేతిలో పెట్టాడు.

"బావా, జర తుడిచి పెట్టు."

"నీ గొర్లకు తానం గూడ నేనే చేపియ్యాల్నా?"

"నేసేటోనివి గద, నున్నగ జేస్తవ్."

మా దగ్గర తనిఖీ అంటే మెరుపే. నల్లగా కనిపించిందల్లా మురికే. పాత బోల్టు రైఫిళ్లతో వచ్చిన అలవాటది. వాటిలో ప్రతి తూటాకూ బోల్టు చేత్తో లాగాలి; పేలేటప్పుడు లోపల కదిలేవి తక్కువ, గురి కుదురుగా ఉంటుంది, మొరాయించడమూ అరుదు. ఈ సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ వేరు. పేలిన తూటా గ్యాస్‌లో కొంత ఒక పిస్టన్‌ను తంతుంది, ఆ దెబ్బకు బోల్టు వెనక్కి పోయి తూటా ఖాళీ ఇత్తడి కేసును బయటికి విసురుతుంది. ఎంత గ్యాస్ కావాలో కాల్చేవాడు సరిచేసుకోవాలి. పిస్టన్ మాత్రం తన గొట్టంలో బిగువుగా ఉండాలి. దాన్ని నేను గరుకైన ఎమరీ కాగితంతో వెండిలా మెరిసేదాకా రుద్దాను. తనిఖీలో అధికారి మెచ్చుకున్నాడు.

మరునాడు అతను నిదానంగా కాల్చిన తూటాలన్నీ నడిమధ్యే తగిలాయి. వేగంగా కాల్చే వంతులో అరిగిన పిస్టన్ పక్కనుంచి గ్యాస్ జారిపోయింది. ఖాళీ కేసు ఇరుక్కుంది. లాగి తీశాడు, మళ్లీ ఇరుక్కుంది. తీసిన ప్రతిసారీ భుజం కదిలి గురి చెదిరింది. సమయం అయిపోయింది.

"గ్యాస్ పెట్టుకొనుడు గూడ రాదారా నీకు?" అని అధికారి అందరి ముందూ అరిచాడు.

నేను వెనక వరుసలోనే ఉన్నాను. నోరు విప్పితే శిక్ష నాకు పడుతుంది. విప్పలేదు. సాయంత్రం ఆ పిస్టన్ తీసేసి వేరొకటి పెట్టేశాను.

అతన్ని నది ఒడ్డుకు పంపారు. తల్లి ప్రాణం పోయేసరికి అతనింకా దారిలో, బస్సులో ఉన్నాడు.

దినాలకు వెళ్లాను. గుండు చేయించుకుని, అతనే నా విస్తట్లో అన్నం వడ్డించాడు.

"నాదే తప్పు బావా. గ్యాస్ జర ఎక్కువ పెట్టుకుంటే అయిపోతుండె. అమ్మ దగ్గర్నే ఉండేటోన్ని."

నేను అన్నం కలుపుతూనే ఉన్నాను.

"తిను బావా, సల్లారిపోతాంది."

తిన్నాను.