సత్తన్న కార్డుల డబ్బా

నిన్న పొద్దున సత్తన్న నంబర్ నుంచే మెసేజ్ వచ్చింది, సత్తన్న ఇక లేరని.

నమ్మలేదు. ఫోన్ ఎవరో హ్యాక్ చేశారనుకున్నాను. రిప్లై కూడా ఇవ్వలేదు.

కాసేపటికి అదే నంబర్ నుంచి వాళ్ళ అమ్మాయి కాల్ చేసింది. ఏడుస్తోంది.

చాంద్రాయణగుట్టలో ఆడపిల్లల కోసం మా ట్రస్ట్ నడిపే చిన్న లైబ్రరీ మీలో చాలామందికి తెలుసు. అక్కడ ఇంగ్లిష్ ఉత్తరాలు రాయడం నా పని. డోనర్లను కలవడం సత్తన్న పని.

నాలుగేళ్ళూ ఆయన్ని అనుమానిస్తూనే పనిచేశాను.

మొదటి వారంలోనే మాదన్నపేటలో ఒక పప్పుల వ్యాపారి దగ్గరికి తీసుకెళ్ళారు. రెయిలింగ్ పట్టుకుని మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి, జేబులోంచి ఒక కార్డు తీసి చదువుకున్నారు.

పైకి వెళ్ళగానే, "సేఠ్, అమ్మ మోకాలు ఎట్లున్నది? నడుస్తున్నదా?"

ఆ పెద్దమనిషి లెక్కల పుస్తకం మూసి పక్కన పెట్టారు. "మా తమ్ముడు సుత అడగలే సత్తన్నా. నీకు యాదున్నది."

ఆ రోజు డొనేషన్ మాటే ఎత్తలేదు. నాకు అనుమానం ఇంకా పెరిగింది.

దిగేటప్పుడు అడిగాను, ఇది యాక్టింగ్ కాదా అన్నా అని.

నవ్వారు. "మర్చిపోతె తప్పు గానీ, రాసుకుంటె తప్పేందమ్మా? నువ్వు పుస్తకంల గీతలు కొట్టవా?"

అయినా నాకు నమ్మకం కుదరలేదు.

పోయినేడు నాకు జాండిస్ వచ్చింది. రోజూ మా గేటుకు ఒక సంచి, అందులో రెండు కొబ్బరి బొండాలు. సత్తన్న బెల్ కొట్టేవారు కాదు. "గేటుకు పెట్టిన, తాగు" అని మెసేజ్. అంతే.

ఎంత మంచివాడే అంది అమ్మ.

ఉత్తరాలు రాసే మనిషి పోతుందని భయంలే అన్నాను.

నిన్న వాళ్ళింటి నుంచి నేరుగా ఆఫీసుకు వెళ్ళి ఆయన కార్డుల డబ్బా తెరిచాను. పాత స్వీట్ల డబ్బా. నా పేరు వెతికాను. దొరక్కూడదనుకున్నాను.

దొరికింది.

ఆయన ప్రతి కార్డులోనూ చివరి వరుస ఒకటే. "ఏం అడగాలె." దాని పక్కన లైబ్రరీకి కావలసింది రాసేవారు. ఫ్యాన్లు, కుర్చీలు, పుస్తకాలు.

నా కార్డులో ఇలా ఉంది:

"బెల్ కొడితె, ఫోన్ చేస్తె బెదురుతది. మెసేజ్ పెట్టాలె. నా మీద నమ్మకం లేదు. తప్పు లేదు.
ఏం అడగాలె: ఏం లేదు."

ఇంకు కొత్తదేమోనని వేలితో రుద్ది చూశాను.

కాదు. కార్డు అంచులు నలిగిపోయి ఉన్నాయి, చాలాసార్లు తీసి చదువుకున్నట్టు.

ఆ రోజు మెట్ల మీద ఆగింది కార్డు కోసమే అనుకున్నాను. ఆయన మోకాలు ఎలా ఉందో నాలుగేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

ఇక ఎవరి సంగతీ రాసిపెట్టుకునే పని లేదు మీకు. నిమ్మళంగా ఉండండి అన్నా.