అంచు చూసేవాడు

కోరుట్లలో వెండి పట్టీలు, మొలతాళ్లు చేసే అతని మీద నాకు ఇప్పటికీ అసూయే. మా వైపు చేలల్లో అరుదుగా దొరికే రోమన్ వెండి నాణెం ఎవరు చేతిలో పెట్టినా, అతను దాని మీది చక్రవర్తి ముఖం చూసేవాడు కాదు. బొటనవేలి గోరుతో అంచు చుట్టూ ఒకసారి మెల్లగా గీసేవాడు, అంతే.

నేను జగిత్యాలలో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పినవాణ్ని. సిరిసిల్ల బడిలో పెట్టిన ప్రదర్శనలో నా నాణేన్ని చూపించి, ఇది టిబెరియస్‌దని, మీది అక్షరాలు చదివి మరీ వినిపించాను. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు, ప్రదర్శన చూడ్డానికి వచ్చిన ఆ కోరుట్ల అతను దాన్ని తీసుకుని అంచు మీద గోరు తిప్పాడు.

"గిది అచ్చు గుద్దింది కాదు సారూ, పోత పోసిన దొంగ నాణెం. మూస రెండు చెక్కలు కలిసిన కాడ అంచుకు గీత పడితే, అది కనవడకుంట ఆకురాయితోని రాకిండ్రు."

"నీకెట్ల ఎరుక?"

"రోజూ నేను చేసే పనే గదా! మొఖం ఎవ్వడన్న పోస్తడు. అంచు దాపెట్టుడు ఎవ్వనితోని కాదు."

పిల్లలతో పాటు హెడ్మాస్టరూ నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు, మరిచిపోను.

మొన్న మేడిపల్లి రైతు ఒకతను దున్నుతుంటే దొరికిన నాణెం తెచ్చాడు. గంటసేపు భూతద్దం పట్టి చూసి, చక్రవర్తి పేరు, అతను ఏలిన కాలం చెప్పాను. అసలైనదే అన్నాను. అతను శ్రద్ధగా విని, నాణేన్ని రుమాలులో మూటగట్టుకున్నాడు.

"మంచిగ చెప్పిన్రు సారూ. కోరుట్ల బస్సు ఎన్నింటికున్నది?"