వెనక సీటు కింద చప్పుడు

ముప్పై ఏళ్ళుగా ఆ వీధిలో ఎవరి కారు మొరాయించినా "మేస్త్రిగారిని పిలవండి" అనేవారు. ఆయన అసలు పేరు చాలామందికి తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ పడలేదు. రేకుల షెడ్డు, నూనె తాగి నల్లబడ్డ నేల, గోడకు వరసగా తగిలించిన స్పానర్లు. వాటిలో ఒకదాన్ని ఎవరైనా తప్పు మేకుకు తగిలిస్తే ఆ పూటంతా సణుగుడే. వేళ్ళు మొద్దు, మాట అంతకంటే మొద్దు, పని మాత్రం నికార్సు.

అలాంటి మనిషికి యాభై నాలుగో ఏట అసూయ పట్టుకుంది. ఎదురు షెడ్డువాడి మీద కాదు, తోడబుట్టినవాడి మీద కాదు. కట్టుకున్న భార్య మీద.

రెండేళ్ళ కిందట కూతురు ఉద్యోగానికని వేరే ఊరు వెళ్ళింది. "గోడలతో ఎంతసేపు మాట్లాడను? షెడ్డుకొచ్చి ఫోన్లు ఎత్తుతాను" అంది ఆవిడ. ఆయనకూ హాయిగానే తోచింది. బండి కింద పడుకున్నవాడు ఫోను మోగినప్పుడల్లా పాకుతూ బయటికి రావడమంటే మాటలా? గుమ్మం పక్కన కుర్చీ, చిన్న బల్ల వేయించాడు. ఏకులా వచ్చిన మనిషి మేకై కూర్చుంటుందని అప్పుడేం తెలుసు?

ఒకరోజు ఒక బడిపంతులు ఫోను చేశాడు. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోందట గానీ అందుకోవడం లేదట. మేస్త్రి గేరుబాక్సు దించుతూ ఉన్నాడు. ఆవిడే మాట్లాడింది.

"మాస్టారూ, సెల్ఫ్ కొట్టకండి. తాళం ఒక్క మెట్టు తిప్పి ఆగండి. వెనక సీటు కింద జుయ్యిమని రెండు సెకన్లు చప్పుడొచ్చి ఆగిందా?"

"ఏమీ రాలేదమ్మా."

"ఫోను సీటు మీద పెట్టి మళ్ళీ తిప్పండి, నేను వింటాను." విన్నది. "నిజమే, పెట్రోలు తోసే పంపు పలకడం లేదు. బానెట్ కింద నల్ల డబ్బా ఉంటుంది, దాని మూత మీదే బొమ్మ ఉంటుంది. అది చూసి ఫ్యూయల్ పంపుకి కరెంటు ఇచ్చే రిలే పీకి, ఆ చోట హారన్ రిలే గుచ్చండి. మీ బండికి రెండూ ఒకటే."

కాసేపటికి ఫోనులోంచి ఇంజను గుర్రుమంది. "హారన్ ఉండదు, నెమ్మదిగా వచ్చేయండి. కొత్త రిలే వేస్తాం" అని పెట్టేసింది.

ఆ మాటలన్నీ ఆయనవే. పాతికేళ్ళుగా అన్నం కలుపుకుంటూ ఆయన రోజూ చదివిన పాఠమే. "పంపు పలికిందా లేదా, ముందు అది విను. పలక్కపోతే ఫ్యూజు, రిలే, వైరు చూడు. అన్నీ బాగుంటేనే పంపు మీద చెయ్యి వెయ్యి. పలుకుతూ కూడా బండి అందుకోలేదంటే పెట్రోలు ముందుకు వెళ్తోందో లేదో చూడు." గిన్నెలు సర్దుతూ ఆవిడ వింటోందని ఆయన అనుకోనే లేదు.

మర్నాడు పంతులు పళ్ళబుట్ట తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. "అక్కగారూ, నాడి పట్టకుండానే జబ్బు చెప్పారు!" కొత్త రిలే బిగిస్తున్న మేస్త్రి అక్కడే, పంతులికి మూరెడు దూరంలో ఉన్నాడు. పంతులు అటు చూడనైనా చూడలేదు.

అప్పట్నుంచీ ఫోను మోగితే "అక్క ఉన్నారా?" అనే. ఒకసారి మేస్త్రికి ఒళ్ళు మండి, "అక్క లేదు, బావ ఉన్నాడు. చెప్పండి!" అన్నాడు. అవతలివాడు అది వెటకారమని గ్రహించలేదు. "అయితే బావగారూ, అక్క వచ్చాకే చేస్తాలెండి" అన్నాడు. వారం తిరిగేసరికి ముప్పై ఏళ్ళ మేస్త్రి వీధి మొత్తానికి బావగారైపోయాడు.

కడుపులో మంటకి మందేముంది? ఎండ కొడుతోందన్న నెపంతో ఆవిడ కుర్చీని పాత టైర్ల వెనక్కి జరిపాడు. ఆవిడ మళ్ళీ గుమ్మం దగ్గరికి లాక్కుంది. ఆవిడ ఫోనులో ఉన్నప్పుడు రేడియో గట్టిగా పెట్టాడు. ఆవిడ ఫోనుతో బయటికి నడిచింది. రాత్రి అన్నంలో "కూర ఎలా ఉంది?" అంటే, "నన్నెందుకు అడగడం? ఎవరైనా ఫోను చేసి చెబుతార్లే" అన్నాడు. ఆవిడ నవ్వింది. నవ్వకుండా తిట్టినా బాగుండేదనిపించింది.

అంత ఉక్రోషానికి ఇంకో కారణం ఉంది. అది ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ జుయ్యిమనే చప్పుడు ఆయనకి వినపడడం మానేసి చాన్నాళ్ళయింది. ముప్పై ఏళ్ళ సుత్తి దెబ్బలు, రేకుల హోరు. సన్నని చప్పుళ్ళన్నీ ఒకటొకటిగా జారిపోయాయి. వెనక సీటు మీదికి వంగి, ఒక క్షణం ఆగి, విన్నట్టు తల ఊపేవాడు. తనకు పోయింది ఆవిడకి ఉంది. పైగా ఆవిడ దాన్ని ఎంత తేలిగ్గా వాడుతోందో!

ఇలా ఉండగా నర్సమ్మ వచ్చింది. ఇంటింటికీ తిరిగి మంచాన పడ్డవాళ్ళకి కట్లు మార్చే మనిషి, పాత చిన్న కారు. ఒకసారి స్టార్టవుతుంది, ఒకసారి అవదు. మేస్త్రి భార్య కుర్చీలోంచి లేచి వచ్చి వింది.

"పలుకుతోంది, కానీ మధ్యలో గొంతు జారుతోంది. కరెంటు సరిగ్గా అందడం లేదేమోనండీ. పంపుకి వైర్లు తగిలే ప్లగ్గు ఒకసారి చూడండి."

నర్సమ్మ ఎదుటే ఆవిడ ఆ మాట అనేసరికి మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. "ముప్పై ఏళ్ళు నేను పెట్రోలు పీలిస్తే, రెండేళ్ళు ఫోను పీల్చి నువ్వు నాకు చెబుతావా? పంపు పోయింది. మార్చాలి."

మార్చాడు. సెల్ఫ్ కొడితే మొదటి దెబ్బకే అందుకుంది. కొండెక్కి కూర్చున్నవాడిలా ఆవిడ వైపు చూశాడు. ఆవిడ టీ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని మహా రుచిగా తాగాడు.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఆవిడ బజారుకి వెళ్ళినప్పుడు ఫోను మోగింది.

"అక్క ఉన్నారా?" నర్సమ్మ గొంతు.

"లేదమ్మా. ఏమైంది?"

"బండి మళ్ళీ ఆగిపోయింది. నడిరోడ్డు మీద ఉన్నాను. కాలి పుండుతో ఒక పెద్దాయన కట్టు విప్పుకుని కూర్చుని ఉంటాడు, పాపం."

పనిముట్ల సంచి భుజాన వేసుకుని స్కూటరు మీద వెళ్ళాడు. నర్సమ్మ మందుల పెట్టె బానెట్ మీద పెట్టుకుని నిలబడి ఉంది. ఆమెని డ్రైవరు సీట్లో కూర్చోమని, తను వెనక సీటు మీద చెవి ఆనించి, "తిప్పండి" అన్నాడు.

తిప్పింది.

"పలకలేదు."

"అదేంటి, ఇప్పుడే కదా మూలిగింది!"

"మళ్ళీ తిప్పండి."

"ఇదిగో, ఇప్పుడూ వచ్చింది. సన్నగా. మీకు వినపడలేదా?"

విన్నట్టు తల ఊపాడు. నర్సమ్మ దిగి ఆయన వెనక్కి వచ్చి నిలబడింది. కాసేపాగి, "ఏ వైపు?" అంది.

"ఏది ఏ వైపు?"

"మీ చెవుల దగ్గర వేళ్ళు రాశాను, మేస్త్రిగారూ. రెండు వైపులా. మీకు తెలియనే లేదు. ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

ఆయన సీటు ఎత్తి, మూత విప్పి, పంపు మీది ప్లగ్గు పీకాడు. చెవి లేకపోయినా కళ్ళున్నాయి. ప్లగ్గు లోపల ఒక పిన్ను కాలి కమిలిపోయింది, చుట్టూ ప్లాస్టిక్ కరిగింది. పన్నెండు రోజుల కిందట ఇదే ప్లగ్గు తన చేత్తో పీకి, తన చేత్తో గుచ్చాడు. ఆ కదలికకే బండి అప్పుడు అందుకుంది, కొత్త పంపుకి కాదు. గెలవాలన్న తొందరలో దాని మొహమే చూడలేదు.

"తప్పు నాదమ్మా. మీ పాత పంపు నిక్షేపంలా ఉంది. మా ఆవిడ ఆ రోజే చెప్పింది."

గేరుబాక్సు ఒంటిచేత్తో ఎత్తడం కూడా ఆ ఆఖరి మాట కంటే తేలికగా ఉండేది. కాలిన ముక్క కత్తిరించి, వైరు తాత్కాలికంగా కలిపి, స్కూటరు మీద ఆమె వెనకే పెద్దాయన ఇంటిదాకా వెళ్ళాడు. కట్టు మార్చడం అయ్యేదాకా అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత షెడ్డుకి తీసుకొచ్చి కొత్త ప్లగ్గు వేసి, పాత పంపు మళ్ళీ దాని చోట పెట్టి పంపించాడు.

ఇంటికెళ్ళాక చెప్పాడు. ప్లగ్గు సంగతి ముందు, చెవుల సంగతి తర్వాత. ఆవిడ చేస్తున్న పని ఆపలేదు.

"నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"చెవులు. కుక్కర్ కూసినా లేవనప్పుడే తెలుసు. షెడ్డుకొచ్చినప్పుడు చూసేదాన్ని, ఒక్కోసారి ఫోను మోగుతున్నా బండి కింద అలాగే పడుకుని ఉండేవారు. వచ్చిన పని వచ్చినట్టే పోతోందని కదా నేను ఆ కుర్చీలో కూర్చున్నది."

"మరి నాతో చెప్పలేదేం?"

"చెబితే వినేవారా?" అని, ఆ మాటకి తనే నవ్వేసింది.

ఆయనకి నవ్వు రాలేదు. సిగ్గేసింది, కొంచెం ఊరట కూడా కలిగింది. వాటి అడుగున మళ్ళీ అదే మంట. తను దాచుకున్న చెవుల సంగతి ఆవిడ రెండేళ్ళ కిందటే పసిగట్టింది. అందులోనూ ఆవిడదే పైచేయి!

నర్సమ్మ ఊరుకోలేదు. వెంటపడి చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. చెవి వెనక చిన్న యంత్రం పెట్టారు. దానితో ఫోను మోగడం, స్పానరు కిందపడడం, తన సణుగుడు కూడా వినపడసాగాయి. పంపు చప్పుడు మాత్రం దోమ పాటలా అందీ అందనట్టే ఉంది. అందుకని ఒక ప్రెషరు మీటరు కొన్నాడు. పెట్రోలు ఎంత బలంగా వస్తోందో ముల్లు చూపిస్తుంది, చెవితో పని లేదు.

ఆవిడ కూతురి దగ్గరికని నాలుగు రోజులు వెళ్ళింది. రెండో రోజు ఒక బేకరీవాడి కారు వచ్చింది. పంపు బ్రహ్మాండంగా మోగుతోందని బేకరీవాడే చెబుతున్నాడు, బండి మాత్రం అందుకోవడం లేదు. మేస్త్రి మీటరు తగిలించాడు. ముల్లు సగం కూడా లేవలేదు. పంపు తిరుగుతోంది గానీ పెట్రోలు తోయలేకపోతోంది. వింటే ఎవరైనా బాగుందనే అంటారు, ఎంత చెవి ఉన్నా సరే. మార్చి పంపించాడు.

ఆవిడ రాగానే చెప్పాడు. అన్నం తింటూ ఇంకోసారి చెప్పాడు. మర్నాడు షెడ్డు తాళం తీస్తూ మూడోసారి మొదలుపెట్టాడు. ఆవిడ మొదటిసారి విన్నంత శ్రద్ధగానే విని, "ఆ మీటరు ఎలా తగిలిస్తారో నాకూ చూపించండి" అంది.

ఆయన కాసేపు తాళంచెవి చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డాడు. తర్వాత చూపించాడు. ఒక్క కిటుకు మాత్రం దాచుకున్నాడు.