నిండు బిందె

చాలాకాలం వాడని కంప్యూటరు ఆన్ చేస్తే లోపలి దుమ్ము వేడెక్కి ఒక వాసన వస్తుంది. మొన్న కర్నూలులో మా ఆఫీసు మూలన పడున్న పాతదాన్ని ఆన్ చేయగానే ఆ వాసన వచ్చింది. కడపలో మా డిగ్రీ కాలేజీ ల్యాబు, అక్కడ పాఠం చెప్పిన రజియా మేడమ్ గుర్తొచ్చారు. ఇక ఆ రోజు పని సాగలేదు.

అప్పట్లో కంప్యూటరు తెరను ముస్తాబు చేయడమంటే నాకు పిచ్చి. వెనక బొమ్మ, గుర్తులు, బాణం అన్నీ మార్చి పంచభూతాల పేరుతో ఒక థీమ్ చేశాను. భూమికి సముద్రతీరం, గాలికి వంగిన కొబ్బరిచెట్లు. మేడమ్ చాలాసేపు చూసి, "బాగుండాది. ఇది ఏ ఊరుమ్మా?" అన్నారు. మా వైపు సముద్రమెక్కడిది? నా ముఖం మాడిపోయింది.

"మీ ఊర్లో గాలి కోసం ఏం చేస్తారు?"

"కల్లంలో తూర్పారబట్టేటప్పుడు చెనక్కాయల చేట పైకెత్తి నిలబడతాం మేడమ్, గాలి వచ్చేదాకా."

"అయితే అదే గీయి."

గీశాను. కంప్యూటరు ఆలోచిస్తున్నంతసేపూ తెర మీద ఒకామె చేటెత్తి నిలబడేది. భూమికి నాపరాయి పరిచాను. ఆకాశానికి తెర మధ్య ఖాళీ వదిలాను. చెత్తబుట్టకు నీళ్ల బిందె పెట్టాను, ఏదైనా పారేస్తే నిండేట్టు. మిగిలిన నిప్పును ఫైళ్లు దాచే ఫోల్డరుకు తగిలించాను. మేడమ్ దాన్ని ల్యాబంతా పెట్టించారు. నా కాళ్లు నేల మీద ఆనలేదు.

రెండు నెలలకే పారేసిన ఫైళ్లతో కంప్యూటర్లన్నీ నిండిపోయి మొరాయించాయి. ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి. థీమ్ తీసేయమన్నారు ప్రిన్సిపల్. నాకు ఏడుపొచ్చింది. చెత్తబుట్ట ఎందుకు ఖాళీ చేయలేదని మేడమ్ ఒక జూనియర్ అమ్మాయిని అడిగారు.

"నిండు బిందె గదా మేడమ్, ఎట్ల ఒంపేది?" అందా అమ్మాయి. వాళ్ల వీధికి నీళ్లు వారానికోసారి వచ్చేవి.

మేడమ్ నవ్వలేదు. నా వైపు తిరిగి, "నీళ్లను పారేసే చోట పెట్టినావు, నిప్పును దాచుకునే చోట పెట్టినావు. రెండూ మార్చు. ప్రిన్సిపల్ సార్‌తో నేను మాట్లాడుకుంటా," అన్నారు. మార్చాను. ఆ తర్వాత చెత్త పొయ్యిలో మండి బూడిదయ్యేది, రాసుకున్నవి బిందెలో ఉండేవి. నా థీమ్ అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు ఫోన్లలో కనిపించే తెరలు గీయడమే నా బతుకుతెరువు. ఏది గీసినా ముందు ఎవరి చేతికైనా ఇచ్చి, వాళ్ల వేలు ఎక్కడ వెనకాడుతుందో చూస్తాను. వెనకాడితే తప్పు నాదే. ఈ ఓపిక నేర్పిన మనిషికి చదువయ్యాక ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. రేపు చేద్దాం, పండక్కి చేద్దాం అనుకుంటూనే ఏళ్లు గడిపేశాను. నంబరు ఇంకా నా దగ్గరే ఉంది. ఫోన్ ఎత్తడానికి ఆవిడ లేరు.